నడవలో నేల మీది గీత వెలగదేంటి? ఎమర్జెన్సీ ఎగ్జిట్ గుర్తుల మీద సందేహాలు

విజ్జి_ఏఎంఈ
ఏఎంఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజనీర్) పరీక్షకి చదువుతుంటే మూడు సందేహాలు వదలట్లేదు. క్యాబిన్‌లో సీట్ల వెంబడి నేల మీద ఒక లేత పసుపు పట్టీ ఉంటుంది కదా, కొన్ని విమానాల్లో దానికి వైరూ లేదు, బల్బూ లేదు. మామూలు వెలుతురులో చూస్తే ఉత్త ప్లాస్టిక్ ముక్కలాగే ఉంది. అది పాడైనట్టా, లేక అలాగే ఉండాలా? రెండోది, కొన్నింట్లో ఎర్రక్షరాలతో ఎగ్జిట్ అని ఉంటే, కొన్నింట్లో పచ్చ బోర్డు మీద పరిగెత్తే మనిషి. రూలు ఒకటే అయినప్పుడు బోర్డులు రెండు రకాలెందుకు? మూడోది, ఎఫ్‌ఏఆర్ (అమెరికా విమానయాన రూల్స్) 25.811, 25.812 నిండా అంకెలే. ఒకటిన్నర అంగుళం, 21 చదరపు అంగుళాలు, 400 మైక్రోలాంబర్టుల వెలుగు. ఏది ఎందుకో తెలీకుండా బట్టీ పట్టడం నా వల్ల కావట్లేదు.

రాత్రి_హ్యాంగర్
పాడవలేదు, అది ఫోటోల్యూమినిసెంట్ పట్టీ. లోపల స్ట్రాన్షియం అల్యూమినేట్ పొడి ఉంటుంది. క్యాబిన్ లైట్ల వెలుతురు తాగి, చీకటి పడ్డాక మెల్లగా పచ్చగా కక్కుతుంది. లైట్లు పూర్తిగా ఆర్పి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఆగి చూడు, గీత మొత్తం కనిపిస్తుంది. లైట్లు వెలుగుతుండగా వెతికితే ఏమీ కనపడదు, అందుకే అందరూ పాడైందనుకుంటారు.

చూడాల్సింది దాని చార్జింగు. రాత్రంతా పవర్ లేకుండా నిలబెట్టిన విమానంలో పొద్దున్నే అది ఖాళీగా ఉంటుంది. మొదటి ఫ్లైటుకి ముందు క్యాబిన్ లైట్లు బ్రైట్‌లో పెట్టి ఇన్ని నిమిషాలు ఉంచాలి, అప్పుడు ఇన్ని గంటలు పనికొస్తుంది అని ఆ ఇన్‌స్టలేషన్ పత్రాల్లో రాసి ఉంటుంది. ఒక విమానం లెక్క ఇంకోదానికి పనికిరాదు. లైట్ల రకం, ఎత్తు, పట్టీ రకం అన్నీ మారతాయి.

లక్సుమీటరు
పై పోస్టుకి ఒక్క ముక్క కలుపుతున్నా. ఎంతసేపు వెలిగించామన్నదే కాదు, ఏ రంగు లైటన్నదీ ముఖ్యమే. ఈ పొడికి నీలం, అతినీలలోహిత కిరణాలు కావాలి. తెల్ల ట్యూబులైటు, తెల్ల ఎల్‌ఈడీ బాగా ఎక్కిస్తాయి. నారింజ రంగు మూడ్ లైటింగ్ గంటసేపు పెట్టినా పెద్దగా ఎక్కదు. పాత జింక్ సల్ఫైడ్ రకం తొందరగా చల్లారిపోయేది, స్ట్రాన్షియం అల్యూమినేట్ వచ్చాకే ఇది నమ్మదగ్గ పద్ధతయింది.

గోదారిగట్టు
అంటే ప్రాణాల మీదికొచ్చినప్పుడు పొద్దున ఎవరో లైట్లు వేశారా లేదా అన్నదాని మీద ఆధారపడాలా? నాకు నచ్చలేదు. బ్యాటరీకి కలిపిన లైట్లే నయం.

రాత్రి_హ్యాంగర్
గోదారిగట్టు గారూ, మీ భయం న్యాయమైనదే. కానీ వైరు పట్టీల సంగతి కూడా చూడండి. ట్రాలీ చక్రాలు రోజూ వాటి మీదుగానే వెళ్తాయి. కాఫీ, జ్యూసు ఒలికి కనెక్టర్లు తుప్పు పడతాయి. సీట్లు తీసి పెట్టిన ప్రతిసారీ కింద వైరు నలుగుతుంది. ఒక ముక్క తెగితే ఆ వరసంతా చీకటే. ఫోటోల్యూమినిసెంట్ దాంట్లో తెగడానికేమీ లేదు, విమానం రెండు ముక్కలైనా ఏ ముక్కలో ఉన్న పట్టీ ఆ ముక్కలో వెలుగుతూనే ఉంటుంది.

అదీగాక చాలా విమానాల్లో రెండూ కలిపే ఉంటాయి. నడవ పొడవునా ఈ పట్టీ, తలుపు దగ్గరికొచ్చాక కింద చిన్న ఎలక్ట్రిక్ ఎగ్జిట్ గుర్తు. దారి చూపేది ఒకటి, ఇదే తలుపు అని చెప్పేది ఇంకోటి.

పట్టీకీ రోగాలున్నాయి. పైన పాలీకార్బొనేట్ కవరు గీతలు పడి మసకబారుతుంది. కార్పెట్ మార్చినప్పుడు అంచు పట్టీ మీదికి పాకుతుంది. ఘాటు కెమికల్‌తో తుడిస్తే కవరు పాలిపోతుంది. మ్యాన్యువల్ చెప్పిన క్లీనర్‌తో, మెత్తటి గుడ్డతో తుడవాలి, అంతే.

లావణ్య_క్రూ
అసలు నేల మీద ఎందుకన్నది ఎవరూ చెప్పలేదు. వేడి పొగ పైకెక్కుతుంది. ముందు సీలింగు నిండుతుంది, తర్వాత తలల ఎత్తుకి దిగుతుంది, చివరికి మోకాళ్ళ దాకా వస్తుంది. అంటే నడవ మీద వేలాడే ఎగ్జిట్ బోర్డే అన్నిటికన్నా ముందు మాయమవుతుంది. వంగి నడిచేవాడికి కనిపించేది నేలే.

ఇది 1983 జూన్ 2న ఎయిర్ కెనడా 797లో అందరికీ తెలిసొచ్చింది. డీసీ-9 విమానం, వెనక టాయిలెట్ దగ్గర మంటలు. సిన్సినాటిలో దిగింది, తలుపులు తెరుచుకున్నాయి కూడా. ఉన్న 46 మందిలో 23 మంది బయటికి రాలేకపోయారు. తలుపులు తెరిచిన నిమిషం, నిమిషంన్నరలోపే లోపలంతా ఒక్కసారిగా అంటుకుంది. తలుపు ఎక్కడో తెలియక పోగొట్టుకున్న ప్రతి క్షణానికీ అక్కడ ప్రాణమే ఖరీదు.

సూరిబాబు_క్యాబిన్
లావణ్య గారు చెప్పిన ఆ ప్రమాదం తర్వాతే 1984లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ నేల మీది గుర్తుల రూలు తెచ్చింది. అప్పటికే తిరుగుతున్న విమానాలకి రెండేళ్ళు గడువిచ్చి 1986 నవంబరుకల్లా అన్నిట్లో పెట్టించారు. 25.812లో ఇ అనే పేరా చూడు విజ్జీ. నేల నుంచి 4 అడుగుల పైన ఉన్న వెలుగులన్నీ పూర్తిగా కప్పుకుపోయాయని అనుకోమంటుంది. చీకటి రాత్రి. అప్పుడు మనిషి సీటు వదిలి నడవలోకొచ్చి, ముందున్న మొదటి ఎగ్జిట్‌కీ వెనకున్న మొదటి ఎగ్జిట్‌కీ దారి కళ్ళతో పట్టుకోగలగాలి. ఆ దారిలో వెళ్తూ 4 అడుగుల లోపు ఉన్న గుర్తులతోనే తలుపుని పోల్చుకోగలగాలి. పట్టీ పెట్టు, బల్బు పెట్టు, సీటు కాలికి దీపం పెట్టు, అది నీ ఇష్టం. ఫలితం ఇది రావాలి అంటుంది రూలు.

విజ్జి_ఏఎంఈ
మరి పొగలో పై బోర్డులు మాయమైతే వాటికి అన్ని కొలతలెందుకు సూరిబాబు గారూ?

సూరిబాబు_క్యాబిన్
అన్ని ప్రమాదాల్లో పొగ ఉండదుగా. నీళ్ళలో దిగినా, రన్‌వే దాటినా పొగ లేకుండానే ఖాళీ చేయాల్సి రావచ్చు. పొగ వచ్చినా మొదటి క్షణాల్లో పైవే దారి చూపేవి.

బోర్డులు మూడు రకాలు. నడవలో వచ్చేవాళ్ళకి ఇక్కడ తలుపుందని చెప్పే లొకేటర్ బోర్డు నడవ పైన ఉంటుంది. తలుపు పక్కనే ఉండేది మార్కింగ్ బోర్డు. మధ్యలో గోడో, గ్యాలీ అనే వంటగదో అడ్డమొచ్చి అవతలి తలుపు కనపడకపోతే ఆ అడ్డుగోడ మీద మూడో బోర్డు. తలుపు కనపడని చోట బోర్డు మాట్లాడాలి, అంతే లెక్క.

10 సీట్లు, ఆపైన ఉన్న విమానానికి అక్షరాలు కనీసం ఒకటిన్నర అంగుళం ఎత్తు. తెల్లటి వెలుగు నేపథ్యం, అక్షరాలు తీసేసి లెక్కేస్తే, కనీసం 21 చదరపు అంగుళాలు. నేపథ్యానికీ అక్షరానికీ వెలుగు తేడా 10:1కి తగ్గకూడదు. అక్షరం ఎత్తుకీ గీత మందానికీ నిష్పత్తి 6:1, 7:1 మధ్య ఉండాలి. గీత సన్నమైతే దూరం నుంచి తెలుపు దాన్ని మింగేస్తుంది, లావైతే లోపలి ఖాళీలు పూడిపోయి అక్షరం ముద్దలా కనపడుతుంది. 9 సీట్లు, అంతకన్నా తక్కువున్న చిన్న విమానానికి ఒక అంగుళం అక్షరం చాలు, ఎందుకంటే అక్కడ తలుపుకి దూరమే లేదు.

లక్సుమీటరు
400 మైక్రోలాంబర్టుల సంగతి నేను చెప్తా. లోపల కరెంటు బల్బున్న లొకేటర్, మార్కింగ్ బోర్డుల నేపథ్యం కనీసం 25 ఫుట్‌లాంబర్టులు ఉండాలి, ఇప్పటి లెక్కలో చదరపు మీటరుకి సుమారు 86 క్యాండెలాలు. అడ్డుగోడ బోర్డుకి మాత్రం కరెంటు లేకుండా తనంతట తాను వెలిగే రకాన్నీ ఒప్పుకుంటారు, దానికి మొదట్లో 400 మైక్రోలాంబర్టులు, అంటే 1.3 క్యాండెలా కూడా లేదు. అరవై రెట్లకి పైగా తేడా! చీకట్లో అదీ చదవొచ్చు, కానీ దగ్గరికెళ్ళాలి.

ఈ తనంతట వెలిగేవాటిలో ట్రిటియం అనే రేడియోధార్మిక వాయువు రకం ఉంది. ఎయిర్‌లైన్లకి వర్తించే ఎఫ్‌ఏఆర్ 121.310 ప్రకారం బోర్డు వెలుగు 250 కన్నా కిందికి దిగితే తీసేయాలి. ట్రిటియం అర్ధాయుష్షు, అంటే సగానికి తగ్గడానికి పట్టే కాలం, 12.3 ఏళ్ళు. 400 నుంచి 250కి దిగడానికి లెక్కేస్తే సుమారు 8.3 ఏళ్ళు. హ్యాండిల్ గుర్తుకి 160తో మొదలై 100 కన్నా కిందికి దిగితే తీసేయాలి, అదీ అదే నిష్పత్తి, అదే 8.3 ఏళ్ళు. లోపల వెలుగిచ్చే ఫాస్ఫర్ పూత కూడా అరుగుతుంది కాబట్టి నిజానికి ఇంకా ముందే దిగొచ్చు. కంటికి ఇంకా వెలుగుతున్నట్టే కనిపిస్తుంది, అదే ప్రమాదం. తయారీ తేదీ చూడాలి, మీటరు పెట్టాలి.

గోదారిగట్టు
రెండో ప్రశ్న మిగిలిపోయింది. నా ఓటు ఎరుపుకే. ఎరుపు కనపడితే ఎవరైనా ఆగి చూస్తారు.

లావణ్య_క్రూ
ఆగి చూస్తారు, నిజమే. మనకి కావాల్సింది ఆగడం కాదండీ, కదలడం. రోడ్డు మీద ఎరుపంటే ఆగు, పచ్చంటే పో. పైగా ఎగ్జిట్ అన్న మాట చదవడం రానివాళ్ళు ఎంతమంది ఎక్కుతారు! కరీంనగర్, జగిత్యాల, కడప నుంచి గల్ఫ్‌కి పనికెళ్ళేవాళ్ళు, అమెరికాలో పిల్లల దగ్గరికెళ్ళే అమ్మమ్మలు. పరిగెత్తే మనిషి బొమ్మ చూస్తే ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

లక్సుమీటరు
కంటి లెక్క కూడా పచ్చ వైపే ఉంది. పగటి వెలుతురులో మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర బాగా పట్టుకుంటుంది. చీకటికి అలవాటు పడ్డాక అది 507కి జరుగుతుంది, నీలం-పచ్చ వైపు. ఎరుపు అప్పుడు నల్లగా మారిపోతుంది. నేల పట్టీ పచ్చగా వెలగడం కూడా కంటికి కలిసొచ్చేదే.

అలాగని ఎర్రక్షరాల బోర్డు తప్పు కాదు. అక్కడ వెలుగిచ్చేది వెనకున్న తెలుపు, ఎరుపు దాని మీద నీడలాంటిది. గోదారిగట్టు గారు అనుకున్నట్టు ఎరుపు వెలగడం వల్ల అది కనపడట్లేదు.

సూరిబాబు_క్యాబిన్
రూలు మాట: అమెరికా పాత పద్ధతి ఎర్రక్షరం. పచ్చ బొమ్మ దానికి సమానమైన భద్రత ఇస్తుందని ఒప్పించి బోయింగ్ 787లో పెట్టారు, ఎయిర్‌బస్ ఏ350లోనూ అదే. నా అభిప్రాయం, ఒకే విమానంలో రెండూ కలపకూడదు. కంగారులో ఉన్న మనిషికి ఒకటే గుర్తు వెతకమని చెప్పాలి.

గోదారిగట్టు
పచ్చ బోర్డు సంగతి ఒప్పుకుంటున్నా. చీకట్లో ఎరుపు నల్లబడిపోతుందని నాకు ఇంతకుముందు తెలీదు.

రాత్రి_హ్యాంగర్
బ్యాటరీల దగ్గర జరిగే తప్పు ఒకటి చెప్పాలి. ఎమర్జెన్సీ లైట్లకి 25.812 కనీసం 10 నిమిషాలు వెలగాలంటుంది, అదీ అన్నిటికన్నా చెడ్డ ఉష్ణోగ్రతలో. బోయింగ్ 737లో పైలట్ల తల మీది ప్యానెల్‌లో మూత ఉన్న స్విచ్చి, ఆఫ్, ఆర్మ్‌డ్ (సిద్ధంగా), ఆన్. ఆర్మ్‌డ్‌లో ఉంటే 1వ డీసీ బస్ అనే కరెంటు లైనుకి పవర్ పోయినా, ఏసీ పవర్ ఆపేసినా లైట్లు వాటంతటవే వెలుగుతాయి. వెనక క్రూ ప్యానెల్‌లో ఇంకో స్విచ్చి ఉంది, అది కాక్‌పిట్ స్విచ్చిని పట్టించుకోకుండా వెలిగిస్తుంది.

తప్పేంటంటే, రాత్రి విమానం పడుకోబెట్టేటప్పుడు స్విచ్చి ఆఫ్ చేయకుండా పవర్ తీసేయడం. సిస్టమ్ దాన్ని నిజమైన ఎమర్జెన్సీ అనుకుని లైట్లన్నీ వెలిగిస్తుంది, కాసేపటికి బ్యాటరీ ప్యాక్‌లు ఖాళీ. పొద్దున టెస్టు వేస్తే లైట్లు రెండు నిమిషాలు మెరిసి మసకబారతాయి. వరస ఇది: ముందు ఎమర్జెన్సీ స్విచ్చి ఆఫ్, నాట్ ఆర్మ్‌డ్ అంబర్ లైటు వెలిగిందో లేదో చూడు, ఆ తర్వాతే పవర్ తీయి.

ఇంకోటి. వెలిగిందా లేదా అని క్షణం చూసి టిక్కు పెట్టడం టెస్టు కాదు. ముసలి నికెల్ కాడ్మియం ప్యాక్ ఒక నిమిషం బ్రహ్మాండంగా వెలుగుతుంది. పదో నిమిషం దాకా గడియారం పెట్టుకు కూర్చుంటేనే దాని బండారం బయటపడుతుంది.

విజ్జి_ఏఎంఈ
విమానం విరిగిపోతే? కోజికోడ్‌లో 2020 ఆగస్టు 7న అదే అయింది కదా.

సూరిబాబు_క్యాబిన్
దానికీ పేరా ఉంది, 25.812లో ఎల్. ఫ్యూజ్‌లాజ్ (విమానం ఒళ్ళు) ఒక చోట అడ్డంగా తెగిందనుకుంటారు. ఆ తెగుడులో నేరుగా నాశనమైనవి పోగా, మిగతా ఎలక్ట్రిక్ ఎమర్జెన్సీ లైట్లలో 25 శాతానికి మించి ఆరకూడదు. తలుపు పక్కనుండే మార్కింగ్ బోర్డులైతే నేరుగా దెబ్బతిన్నవి తప్ప అన్నీ వెలగాలి. అందుకే ఒకే పెద్ద బ్యాటరీ కాకుండా చిన్న ప్యాక్‌లు క్యాబిన్ పొడవునా చెదరగొట్టి పెడతారు. ప్యాక్‌ల జాగా డ్రాయింగులో చూసినప్పుడు ఈ రూలు గుర్తుకు తెచ్చుకో, ఎక్కడెక్కడ ఎందుకున్నాయో ఇట్టే తెలుస్తుంది.

ఫైర్‌టెండర్7
అందరూ లోపలే తిరుగుతున్నారు. బయట నుంచి తెరవాల్సినవాళ్ళం, విమానాశ్రయం ఫైర్ సిబ్బంది, మేమూ ఉన్నాం.

తలుపు చుట్టూ 2 అంగుళాల రంగు పట్టీ ఉంటుంది చూడండి, అది మా కోసం. తలుపుకీ ప్యానెల్‌కీ తేడా మంటలార్పే నురుగులో, రాత్రిలో దాన్ని చూసే పోల్చుకుంటాం. ఇంకొన్ని విమానాల మీద నాలుగు మూలల గుర్తులుంటాయి, ఇక్కడ కోస్తే దారి దొరుకుతుందని. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో వాళ్ళ అనెక్స్ 6 ప్రకారం ఎరుపో పసుపో, అవసరమైతే తెల్ల అంచు. మూల గుర్తుల మధ్య 2 మీటర్లు దాటితే నడుమ 9 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు గీతలు వేయాలి.

తలుపు తీసేముందు 737లో కిటికీ అద్దం చూడండి. దాని మీద అడ్డంగా ఎర్ర పట్టీ కనపడితే ఎమర్జెన్సీలో జారి దిగే స్లైడు ఆర్మ్ అయి (విచ్చుకోడానికి సిద్ధంగా) ఉంది. బయట నుంచి తీస్తే స్లైడు మన మీదికే విచ్చుకుంటుంది. ఎయిర్‌బస్‌లో బయటి హ్యాండిల్‌తో తీస్తే దానంతట అదే డిజార్మ్ అవుతుంది. ఈ తేడా తెలీకుండా నిచ్చెన ఎక్కకూడదు.

పెయింట్‌బే
ఆ 2 అంగుళాల పట్టీ దగ్గరే లివరీ, అంటే విమానం మీది రంగులు, బొమ్మలు గీసే డిజైనర్లతో మాకు గొడవ. వాళ్ళకి కలిసిపోయే రంగు కావాలి, రూలుకి విడిపోయే రంగు కావాలి. లెక్క ఇది: ముదురు రంగు వెలుగు తిప్పికొట్టే శాతం 15, లేదా అంతకన్నా తక్కువైతే, లేత రంగుది కనీసం 45 ఉండాలి. ముదురుది 15 దాటితే రెండిటి మధ్య తేడా కనీసం 30.

ఉదాహరణకి బాడీ తెలుపు 80 శాతం, పట్టీ ముదురు నీలం 8 శాతం, దర్జాగా పాస్. బాడీ బూడిద రంగు 35, పట్టీ వెండి రంగు 55 అనుకోండి, తేడా 20, ఫెయిల్. కంప్యూటర్ స్క్రీన్ మీద అందంగా కనపడుతుంది గానీ పెయింటు ముక్క మీద రిఫ్లెక్టోమీటరు పెట్టి చూస్తే నిలవదు. బొమ్మ తలుపు మీదుగా వెళ్తే ఇంకా చిక్కు. బాడీ రంగు మారిన ప్రతి చోటా పట్టీ లెక్క విడిగా చూసుకోవాలి.

విజ్జి_ఏఎంఈ
హ్యాండిల్ దగ్గర ఎర్ర బాణానికి కొలతలెందుకో కూడా చెప్పండి. బాణం బాణమే కదా?

సూరిబాబు_క్యాబిన్
తిప్పే హ్యాండిల్‌కి అది. బాణం ఒంటి మందం ముప్పావు అంగుళానికి తగ్గదు, తల దానికి రెట్టింపు, కనీసం 70 డిగ్రీల చాపం. హ్యాండిల్ పూర్తిగా తిరిగి గడియ వదిలినప్పుడు దాని మధ్యగీత బాణం మొన చూపే చోటికి అంగుళం అటూ ఇటూలోపే ఆగాలి. బాణం ఒక చోట ముగిసి హ్యాండిల్ ఇంకా తిరగాల్సి ఉంటే, మనిషి బాణాన్ని నమ్మి మధ్యలో ఆపేస్తాడు, తలుపు జామ్ అయిందనుకుని ఇంకో తలుపుకి పరిగెత్తుతాడు. పక్కన ఓపెన్ అని ఎర్రక్షరాలు అంగుళం ఎత్తున, అడ్డంగా. సూచనలు 30 అంగుళాల దూరం నుంచి చదవగలగాలి.

ఎక్కడ లాగాలో తెలీకపోతే ఏమవుతుందో మాంచెస్టర్ విమాన ప్రమాదంలో చూశాం, 1985 ఆగస్టు 22. రెక్క మీది ఎగ్జిట్ పక్కన కూర్చున్నావిడ తలుపుకి బిగించిన సీటు ఆర్మ్‌రెస్టునే హ్యాండిల్ అనుకుని లాగింది. పక్కావిడ లేచి అసలు హ్యాండిల్ అందుకుంటే 48 పౌండ్ల తలుపు లోపలికి మొదటావిడ ఒళ్ళో పడింది. విమానం ఆగాక ఆ దారి తెరుచుకునేసరికి దాదాపు 45 సెకన్లు. 55 మంది పోయారు.

లావణ్య_క్రూ
అందుకే ఆ వరసలో కూర్చున్నవాళ్ళకి విడిగా చెప్తాం. పైకి విచ్చుకునేదా, చేత్తో తీసి బయట పడేయాల్సిందా అన్నది విమానాన్ని బట్టి మారుతుంది. 737ఎన్‌జీలో హ్యాండిల్ లాగితే దానంతట అదే పైకి లేస్తుంది. ఏ320లో తలుపు ఊడి చేతికొస్తుంది, బయటికి తోసేయాలి. కార్డు చూడమని ప్రతిసారీ అనేది ఇందుకే.

ఫైర్‌టెండర్7
రెక్క మీదికొచ్చాక? బాణాలు అరిగిపోయి కనిపించని రెక్కలు బోలెడు.

పెయింట్‌బే
25.810 చూడండి. రెక్క మీది దారి జారని పూతతో, పెద్ద టైప్ ఏ, బి తలుపుల దగ్గర 42 అంగుళాలు, మిగతా చోట్ల 2 అడుగుల వెడల్పు. దారి ఉపరితలం 80 శాతం వెలుగు తిప్పికొట్టాలి, గుర్తులకీ దానికీ తేడా 5:1. జారని పూత గరుకుగా ఉంటుంది కాబట్టి మురికి త్వరగా పట్టి 80 నుంచి జారిపోతుంది. మళ్ళీ వేసేముందు కడిగి కొలవండి, సగం కేసుల్లో మురికే కారణం.

విజ్జి_ఏఎంఈ
ఇప్పుడు అంకెలన్నిటికీ ఒక్కో మనిషి కనపడుతున్నాడు. చివరిగా ఒకటి, హ్యాండిల్ బాణం స్టిక్కరు మొన మాత్రం ఊడిపోతే డిఫెక్టు రాయాలా?

రాత్రి_హ్యాంగర్
రాయాలి. ఇప్పుడే సూరిబాబు గారు చెప్పారుగా, మొన చోటే ముఖ్యం. పాత జిగురు పూర్తిగా తీసి, మ్యాన్యువల్ చెప్పిన సాల్వెంట్‌తో తుడిచి ఆరనివ్వు. కొత్తది అంటించేముందు స్లైడు డిజార్మ్ చేసి హ్యాండిల్ పూర్తిగా తిప్పి, మధ్యగీత ఆగిన చోట పెన్సిల్ గుర్తు పెట్టుకో. పాత స్టిక్కరు నీడ చూసి అంటించకు, ముందోడు తప్పు అంటించి ఉండొచ్చు. అంటించాక మళ్ళీ తిప్పి స్కేలు పెట్టు, అంగుళం లోపుంటే సంతకం పెట్టు.